నా మీద అంటించిన పేరు

హలో! హలో, వినపడుతోందా అండీ? అందరికీ నమస్కారం. భోజనాలయ్యాయా? చేతిలో పనుంటే చేసుకుంటూనే వినండి, నాకేం అభ్యంతరం లేదు. ఈ వాయిస్ మెసేజిని మాత్రం మధ్యలో ఆపెయ్యకండి. చాలా రోజులుగా కడుపులో దాచుకున్న మాట, ఇవాళ చెప్పేస్తాను.

నేను ఒక నేమ్ బ్యాడ్జిని. మీటింగుల్లో చొక్కాకో చీరకో పెట్టుకుంటారే, పేరూ హోదా ఉండే పట్టీ, అదన్నమాట. మాది చిలకలూరిపేట చేదోడు సేవా క్లబ్బు. పుట్టింది మాత్రం విజయవాడలో, ఒక మేడ మీద ఇరుకు గదిలో. బంగారు రంగు ప్లాస్టిక్ రేకును మిషను కింద పెట్టి అక్షరాలు కాల్చారు. నొప్పి పుట్టింది కానీ, పేరంటే అలాగే పడాలి, చెమటకూ వానకూ చెరిగిపోకూడదు అనుకుని ఓర్చుకున్నాను. నా వెనక ఇనుప పట్టీ, దానికి జోడుగా చిన్న చిన్న అయస్కాంతాలు. బట్టకు ఇటు నేను, అటు అయస్కాంతం. మాకు ముందున్న బ్యాడ్జీలకు పిన్నీసు ఉండేది. ఆ పిన్నీసు చిల్లు పెట్టని పట్టుచీర క్లబ్బులో లేదు.

నా మీద కాల్చిన పేరు యడ్లపల్లి హైమావతి. దాని కింద, ఉపాధ్యక్షురాలు.

నన్ను తెప్పించింది అప్పటి అధ్యక్షుడు పోలిశెట్టి రంగబాబు. ఈ పేరు బాగా గుర్తు పెట్టుకోండి, నా కథంతా ఈయన కోసమే. మిరపకాయల కోల్డ్ స్టోరేజీ ఉంది ఈయనకు. క్లబ్బుల పెద్దలంతా కలిసే మహాసభకు విశాఖపట్నం వెళ్లి, అక్కడ ‘పబ్లిక్ ఇమేజ్’ అని ఒక క్లాసు విని వచ్చాడు. వెళ్లినప్పుడు మామూలు మనిషే. వచ్చాక మాత్రం ఎవరితో మాట్లాడినా వాళ్ల మొహం చూడటం మానేసి, వాళ్ల వెనక బ్యానరు సరిగ్గా పడుతోందా అని చూడటం మొదలుపెట్టాడు.

“ఇన్నాళ్లూ ఎంత చేసినా మనమెవరో ఊళ్లో తెలీదు. ఎందుకని? కనపడట్లా!” అన్నాడు మమ్మల్ని పంచుతూ. “సేవ చెయ్యటం ఒకెత్తు, కనపడటం ఇంకొకెత్తు. ఇకనించీ బ్యాడ్జి లేకుండా ఎవురూ ఫోటోలోకి రాబాకండి. కుడిపక్కనే పెట్టుకోండి. చెయ్యి కలిపితే అవతలాయన కన్ను నేరుగా మన పేరు మీద పడాల.”

హైమావతమ్మకు బస్టాండు దగ్గర మందుల కొట్టుంది. భర్త పోయాక తనే నడుపుతోంది. నన్ను చీర కొంగుకు కుడివైపు పెట్టుకుని, “పిన్నీసు లేదు, అదే పదివేలు” అంది. అంతకుమించి నన్ను పొగడలేదు.

నిజం చెప్పొద్దూ, నాకూ ఫోటో మోజుండేది. కొత్త బ్యాడ్జిని, మెరుస్తున్నాను, ఎవరికుండదు? కానీ ఈవిడతో అది పడేది కాదు. ఆసుపత్రిలో పళ్లు పంచడానికి వెళ్తే, ఒక్క యాపిల్ పండు మీద క్లబ్బు మొత్తం చేతులు వేసి నిలబడేది. పండు అందుకోవాల్సిన రోగికి మాత్రం ఆ చేతుల మధ్య సందు దొరికేది కాదు. ఫోటోగ్రాఫరు “రెడీ” అనేసరికి ఈవిడ ఏ బాత్రూం గుమ్మం దగ్గరో ఒక ముసలమ్మ రెక్క పట్టుకుని ఉండేది. మందు పరగడుపున వేసుకోవాలా, తిన్నాక వేసుకోవాలా అని ఏ మంచం పక్కనో చెప్తూ ఉండేది. నేనూ ఆవిడతోనే. ఎన్ని దగ్గులు విన్నానో, ఎంతమంది చెమట నాకంటిందో లెక్క లేదు. మొదట్లో చిరాకు పడ్డాను. తర్వాత తర్వాత ఆవిడ భుజం మీద ఉండటమే నాకు గొప్పగా అనిపించింది.

మా క్లబ్బులో ఒక ఆనవాయితీ ఉంది. ఈ ఏడు ఉపాధ్యక్షులుగా చేసినవారే వచ్చే ఏడు అధ్యక్షులు. పోటీ ఉండదు. ఆడవాళ్లెవరూ ఇంతవరకూ ఆ కుర్చీలో కూర్చోలేదు. హైమావతమ్మే మొదటిది కావాలి. ఆవిడ పైకి అనలేదు కానీ, ఆ మాట తలుచుకున్నప్పుడల్లా నన్ను ఒకసారి వేలితో సర్దుకునేది. అంత ఆశ ఉంది ఆవిడకి. నాకు తెలుసు, ఆ వేలు నా మీదే కదా.

రంగబాబుకు ఒక బావమరిది, కిలారు వంశీధర్. ఎరువుల వ్యాపారం. కుర్చీ అతనికి ఇప్పించాలని ఈయన పట్టుదల. ఆనవాయితీని ఎలా తప్పించాడో వినండి. మీటింగులో తెర కట్టి ఏడాది ఫోటోలన్నీ వేశాడు.

“హైమావతక్కా, నువ్వంటే నాకు గౌరవం. కాని ఈ ఫోటోల్లో నువ్వు యాడున్నావో చూపీ.”

ఫోటోలు కదులుతున్నాయి. ఆవిడ లేదు. వెనక వరసలోంచి ఒకాయన అరిచాడు. “అదుగో, కుడి మూల! మోచెయ్యి!”

హాలంతా నవ్వు. “మోచేతికి దండేస్తే బాగుండదేమో అక్కా!” అన్నాడు వంశీధర్. ఇంకా నవ్వు.

“ఆ రోజు మంచం మీద పెద్దాయన వాంతి చేసుకున్నాడు రంగబాబూ. అక్కా, కాస్త అటు చూడమని నువ్వేగా అన్నావు?” అంది హైమావతమ్మ.

“అన్నా. ఫోటో అయినాక చూడమన్నా. జనానికి తెలీని మనిషిని పెసిడెంటును చేస్తే క్లబ్బు ఇమేజేం గావాల?”

చేతులెత్తమన్నాడు. ఎత్తారు. ఆవిడ కొట్టు తలుపు తట్టి, ఆదివారం కూడా మందు పట్టుకెళ్లిన చేతులే అవన్నీ. హైమావతమ్మ ఏడవలేదు. నన్ను తీసి బల్ల మీద పెట్టింది. 

“కంటి ఆపరేషన్లకు క్లబ్బు బస్సులో గుంటూరు ఎళ్లేవాళ్లకు మాటిచ్చాను. ఆ బస్సులో మాత్రం నేనే ఎళతా.”

“ఎళ్లక్కా, ఎవురొద్దన్నారు? బ్యాడ్జితో పనేముంది దానికి?” అన్నాడు రంగబాబు.

కొత్త అధ్యక్షుడికి విజయవాడ నుంచి బ్యాడ్జి రావడం ఆలస్యమైంది. ఈలోగా వీడియో తీసే కార్యక్రమం ఒకటుంది. రంగబాబు నన్ను ఫ్లెక్సీలు వేసే కొట్టుకు పట్టుకెళ్లి, నా మొహం మీద బంగారు రంగు స్టిక్కరు అంటించాడు. ‘కిలారు వంశీధర్, కాబోయే అధ్యక్షుడు.’ బొటనవేలితో గట్టిగా రుద్దాడు కూడా.

చూడండీ, పేరు చూపించడం తప్ప నాకు వేరే పని రాదు. ఆ ఒక్క పనిలోనే నా నోట్లో గుడ్డ కుక్కారు. అప్పుడే అనుకున్నాను, రంగబాబూ, నిన్ను ఊరంతా చూసేలా చేస్తాను, నీకు కావాల్సిన ఇమేజు నేనిస్తాను అని. వంశీధర్ కోటు మీద ఎండలో ఊరేగినప్పుడల్లా ఒళ్లంతా వేడెక్కించుకున్నాను. అతని చెమటనూ సెంటునూ బంక దగ్గరికి పీల్చుకున్నాను. ఎడమ మూల కొంచెం లేచింది. చాలు. ఇక కాచుకుని ఉన్నాను.

ఆ వీడియో కార్యక్రమం ఏంటో చెప్పలేదు కదూ. గుంటూరులో ఆపరేషనైన పెద్దవాళ్లను మా హాలుకు తెచ్చి, డాక్టరుతో కట్లు విప్పించడం. వాళ్లను బస్సులో తీసుకెళ్లిన హైమావతమ్మకు పిలుపు లేదు. అందులో రంగబాబుకు ఒక ఆలోచన వచ్చింది. ఇలాంటి ఆలోచన మా వాళ్లకు తప్ప లోకంలో ఎవరికీ రాదు.

“కట్టిప్పంగానే మొట్టమొదట మన బ్యాడ్జి కనపడాల. దాన్ని పెద్దాయన పైకి చదవాల. చూపొచ్చింది, వచ్చీ రాంగానే మన పేరు! దీన్ని మించిన ఇమేజుందా?”

“ముందు కాస్త వెలుతురుకు అలవాటు పడనివ్వండి” అన్నాడు డాక్టరు.

“ఒక్క నిమిషం డాక్టరు గారూ, లైవులో ఉన్నాం.”

లైవు రంగబాబే తన ఫోనులో పెట్టాడు. ఫోటోగ్రాఫరు ఉన్నా నమ్మలేదు. చదవడం వచ్చినవాడు కావాలని నాగుల్ మీరా అనే పెద్దాయన్ని ముందు కూర్చోబెట్టారు. రోజూ పేపరు చదవందే టీ తాగని మనిషట. పొరలు కమ్మి రెండేళ్లుగా అక్షరం ముట్టలేదు.

కట్టు విప్పారు. ఆయన కళ్లార్పాడు. ఇక మొదలుపెట్టాడు చూడండి!

“చేదోడు... సేవా క్లబ్బు. మంచినీళ్లు వృథా చెయ్యరాదు. చెప్పులు బయట విడువుడు...”

“తాతా, ఇటు, ఇటు! గోడలు గాదు, ఇది చదువు” అని వంశీధర్ నన్ను ముందుకు చాపి వంగాడు.

“ఉండు నాయనా, అన్నీ చదవతా. తొందరేంది?” నాగుల్ మీరా నన్ను కళ్లకు దగ్గరగా లాక్కున్నాడు. “కిలారు వంశీధర్. కాబోయే అధ్యక్షుడు.”

చప్పట్లు. రంగబాబు ఫోను ఇంకా దగ్గరకు తెచ్చాడు. తెచ్చుకో నాయనా, బాగా దగ్గరకు తెచ్చుకో అనుకున్నాను.

“ఇదేందీ, మూల లేచింది? కింద ఇంకేందో ఉందే” అన్నాడు పెద్దాయన, గోరు పెడుతూ.

వంశీధర్ గబుక్కున వెనక్కి జరిగాడు. నేను అయస్కాంతాన్ని వదిలేసి ముసలాయన చేతిలో పడ్డాను. స్టిక్కరు ఒక్క లాగుతో ఊడింది. ఆయన గొంతెత్తి, సభలో పేపరు చదివినట్టు చదివాడు.

“యడ్లపల్లి హైమావతి. ఉపాధ్యక్షురాలు.”

తలెత్తి వంశీధర్ వైపు చూశాడు. “హైమావతంటే బస్సులో మాతో వచ్చిన ఆయమ్మేనా? ఆపరేషను గది దాకా నా చెయ్యి వదల్లా. మొకం తెలీదు నాకు, గొంతే ఎరుక. ఆయమ్మ పేరు మీద నీ పేరెందుకు అంటించుకున్నావయ్యా?”

వెనక కుర్చీల్లో కట్లతో ఉన్నవాళ్లంతా కదిలారు. “ఆయమ్మ యాడ? మాట ఇనపడదేం?” అందొక ముసలమ్మ. “ఆయమ్మ రాకుండా నా కట్టు ఇప్పనియ్యను, పోండి!”

అప్పుడు నాక్కూడా బుద్ధొచ్చిందండీ. పొరలు కమ్మిన కళ్ల ముందు ఏడాదంతా మమ్మల్ని మెరిపించారు. వాళ్లెవరికీ మేము కనపడనే లేదు.

“లైవు ఆపరా! ఆపు!” అని అరిచాడు రంగబాబు.

“ఆపేదెట్టాగండీ? ఫోను మీ చేతిలోనే ఉందిగా” అన్నాడు ఫోటోగ్రాఫరు.

ఆ మాట కూడా లైవులో వెళ్లింది. పేట మొత్తం చూసింది. క్లబ్బు పెట్టాక అంత పబ్లిక్ ఇమేజ్ ఎప్పుడూ రాలేదు.

కొట్టు మూయించి హైమావతమ్మను పిలుచుకొచ్చారు. ఆవిడ పక్కన కూర్చుంటేనే మిగతా కట్లు విప్పించుకున్నారు. ఆ వారంలోనే మళ్లీ మీటింగు. వంశీధర్ రానే లేదు. పోయినసారి ఎత్తిన చేతులే మళ్లీ లేచాయి, ఈసారి ఆవిడ కోసం. అధ్యక్షురాలైంది. రంగబాబు గోడ దగ్గర తల వంచుకుని నిలబడ్డాడు. నేను బల్ల మీద ఉన్నాను. తరిమెయ్యమ్మా, క్లబ్బులోంచి పేరు కొట్టెయ్యి, నలుగురిలో నిలదియ్యి అని లోపల్లోపల అరుస్తున్నాను.

ఆవిడ ఏమందో తెలుసా? “పోనీయండి. రంగబాబూ, వచ్చే బస్సుకు నువ్వు నాతో రా. బ్యాడ్జీ వద్దు, ఫోనూ వద్దు.”

అంతే! అదే శిక్ష! పైగా వెళ్లాడండీ ఆ మనిషి. వెళ్లి, ఒక ముసలాయన్ని బాత్రూంకు నడిపించాడు. రెండోసారీ వెళ్లాడు. ఇప్పుడు పెద్దవాళ్లు “రంగబాబు రాలేదా?” అని అడుగుతున్నారట. మంచివాడైపోయాడని ఊళ్లో పొగుడుతున్నారు కూడా. నాకు ఒళ్లు మండిపోదా చెప్పండి?

నేనిప్పుడు మందుల కొట్లో, నా అయస్కాంతంతో ఫ్రిజ్జు తలుపుకు అంటుకుని ఉన్నాను. ‘చిల్లర లేదు’ అన్న కాగితాన్ని పట్టుకోవడం నా ఉద్యోగం. ఆవిడ బ్యాడ్జి పెట్టుకోవడమే మానేసింది. సాయంత్రాలు రంగబాబు వస్తాడు, నా ఎదురుగానే స్టూలు లాక్కుని కూర్చుంటాడు, తర్వాతి బస్సు సంగతి మాట్లాడుకుంటారు, నవ్వుకుంటారు. ఒకసారి నన్ను చూసి, “అక్కా, ఇదింకా ఉంచావా?” అన్నాడు. “పనికొస్తందిలే” అంది ఆవిడ. ఆయన మొహం కొంచెం మాడింది. ఆ పూట నాకు హాయిగా గడిచింది.

ఆవిడ క్షమించింది. అది ఆవిడ ఇష్టం. నన్నెవరూ క్షమాపణ అడగలేదు, నేను క్షమించలేదు.

అందుకే మీకొక మనవి. విన్నది విన్నట్టు మీ మీ గ్రూపుల్లో పెట్టండి. క్లబ్బులున్న ప్రతి ఊరికీ వెళ్లాలి. పోలిశెట్టి రంగబాబును ఎరిగినవాళ్లుంటే రెండుసార్లు పంపండి. హైమావతమ్మకు మాత్రం పంపొద్దు. ఆవిడ విని నవ్వేసి, ఆయనకు ఇంకో టీ తెప్పిస్తుంది.