కిటికీ దిక్కు దొంగ

చర్చి గోడ మీద మూడు సిలువలు లేచి నిలబడ్డాయి. వాటి మీద ముగ్గురు మనుషులు. ఒక్కరికీ మొఖం లేదు.

బక్కమ్మ ఊడ్చిన చోటునే మళ్లీ ఊడుస్తోంది. చీపురు నేల మీద ఉంది గానీ కళ్లు గోడ మీదనే ఉన్నాయి. నడుమ సిలువ మీద ఏసుప్రభువని చిన్న పిల్లలకు కూడా తెలుసు. అటు తలుపు దిక్కున ఒక దొంగ, ఇటు కిటికీ దిక్కున ఒక దొంగ. చచ్చేటప్పుడు కూడా ఎకసెక్కాలాడినవాడు తలుపు దిక్కు దొంగ. తప్పు ఒప్పుకొని నన్ను యాదిల పెట్టుకో ప్రభువా అని అడిగినవాడు కిటికీ దిక్కు దొంగ. ఆమెకు ఆ కథ కంఠతా వచ్చు. రానిదల్లా ఒక్కటే, ఈ ఇద్దరు దొంగలకు యాకయ్య ఎవరి మొఖాలు పెడతాడన్నది.

యాకయ్య పని తీరే అంత. ఒళ్లు, బట్టలు, ఆకాశం, గుట్టలు అన్నీ అయినాకనే మొఖాల జోలికి పోతాడు. పాలకుర్తి చుట్టుపక్కల ఊళ్లల్లో గోడ మీద చేత్తో బొమ్మ వేసేవాడు ఇంకా ఆయనొక్కడే మిగిలాడు. తక్కినవాళ్లంతా ఫ్లెక్సీలకు పోయారు. ఆయన బొమ్మలంటే ఊళ్లో భక్తి ఎంతుందో భయమూ అంతే ఉంది. కారణం ఎల్లమ్మ గుడి. నకిలీ పత్తి విత్తనాలమ్మి ఊరిని ముంచిన వెంకటేశ్వర్లు మొఖాన్ని తీసుకపోయి ఎల్లమ్మ కాలి కింది రాక్షసుడికి పెట్టాడు యాకయ్య. అదే బట్టతల, అదే దొప్ప చెవులు. ఊరు పడీ పడీ నవ్వింది. వెంకటేశ్వర్లు ఇప్పటికీ ఆ వాడకు రాడు.

ఆ నవ్వు రేపు తన ఇంటి మీద పడుతుందేమోనని బక్కమ్మ భయం. యాకయ్య ఎడమ కాలు వంగదు. దాన్ని వంగకుండా చేసింది ఆమె కొడుకు భాస్కరే.

మూడేళ్ల కింద, పొద్దు గూకే యాళ, పాలకుర్తి రోడ్డు మీద సైకిల్ తొక్కుకుంటూ వస్తున్న యాకయ్యను భాస్కర్ బండి వెనక నుంచి గుద్దింది. పడ్డ మనిషి లేవకపోయేసరికి ప్రాణం పోయిందనే అనుకున్నాడు ఇరవై ఏళ్ల పిలగాడు. బండి అక్కడే పడేసి చేన్లకు అడ్డం పడి ఉరికాడు. ఆ ఉరుకుడు పోయి పోయి సూరత్‌లో ఆగింది. పాలవ్యాను వాళ్లు చూసి హనుమకొండ దవాఖానకు మోసుకుపోకపోతే యాకయ్య ఆ రోడ్డు మీదనే పోయేవాడు.

కేసు పెట్టమని ఊరంతా చెప్పింది. పెట్టలేదు. బక్కమ్మ పోయి కాళ్ల మీద పడితే కాలు వెనక్కు తీసుకున్నాడు గానీ ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. తిట్టే మనిషి లోపల ఏముందో తెలుస్తుంది. మాట్లాడని మనిషి బొమ్మ వేస్తుంటే ఏం వేస్తాడో ఎవరికి తెలుసు?

"బక్కక్కా, తలుపు దిక్కోని భుజాలు చూసినవా?" అంది చర్చి పనికి తోడొచ్చిన పద్మలత, చాపలు దులుపుతూ. "ఎగబెట్టుకొని ఎట్లున్నయో. అచ్చం మీ భాస్కర్ భుజాలే."

"నీ నోట్ల మన్ను వడ. భుజాలు ఎవలికైన ఉంటయి."

"నేనేమంటినే? ఉన్నమాటంటే ఉలుకెందుకు?" నవ్వుకుంటూ పోయింది పద్మలత.

బక్కమ్మ ఉలుకుకు ఇంకో కారణముంది. భాస్కర్ ఇంట్లోనే ఉన్నాడు. గుడ్‌ఫ్రైడేకు రా బిడ్డా, ఎన్నాళ్లు దాక్కుంటవు అని ఆమే పోరి పిలిపించింది. తెల్లారకముందు దిగాడు. దిగినకాడి నుంచి గడప దాటలేదు. గోడ సంగతి తెలిసినంక అన్నం కూడా సరిగ్గా తినలేదు.

"అమ్మా, నా మొఖం గాడ పడితే ఊరోళ్లు ప్రతి ఆదివారం చూసుకుంట మొక్కుతరు. నేను ఈడ బతుకుతనా? మల్ల బస్సెక్కుత. ఈ పారి పోతే రాను."

ఊరికే అన్న మాట కాదది. బ్యాగు విప్పనే లేదు.

మధ్యాహ్నం పాస్టరు రాజమౌళి వచ్చి యాకయ్య పక్కన బల్ల మీద కూర్చున్నాడు. ఫోనులో ఏవేవో బొమ్మలు చూపిస్తున్నాడు. ఎప్పటివో, ఏ దేశాలవో. అన్నిట్లో మూడు సిలువలే. యాకయ్య బీడీ ఆర్పి, ఒక్కొక్క బొమ్మనూ వేలితో పెద్దది చేసి చూశాడు. చాలాసేపు చూశాడు. బక్కమ్మ కిటికీ తుడుస్తూ చెవి అటే పెట్టింది.

"అందరు ఒక్క తీర్గనే వేసిండ్రు," అన్నాడు యాకయ్య చివరికి. "వెలుతురు ఒక్కని మీదనే పడ్డది. ప్రభువు మెడ గూడ వాని దిక్కే ఒరిగింది. రెండోని మీద నీడ."

"అవు. వాడు అడిగిండు, క్షమాపణ దొరికింది. వీడు అడగలే."

"అడిగినోని మొఖం ఎట్లుంటది అయ్యగారూ?"

పాస్టరు నవ్వాడు. "చదివిన గాని, చూసినోణ్ని కాదు యాకయ్యా. నువ్వే ఏదో ఒకటి వెయ్యి."

"ఏదో ఒకటి వేస్తే కాదు," అని యాకయ్య ఫోను ఆయన చేతిలో పెట్టి లేచాడు.

మర్నాడు బక్కమ్మ వచ్చేసరికి ప్రభువుకు మొఖం వచ్చేసింది. ఎండలో నాటేసి వచ్చిన మనిషి మొఖంలా నల్లగా, అలిసిపోయి ఉంది. కిటికీ దిక్కు ఒరిగి ఉంది. బక్కమ్మ తలుపు దిక్కు దొంగను చూసింది. ఆ దొంగ మొఖం పూర్తిగా అవతలికి తిప్పుకున్నాడు. చెవి, మెడ నరాలు, ఇంత దవడ. అంతే. ఆ చెవి ఎవరిదైనా కావచ్చు, ఎవరిదీ కాకపోవచ్చు.

ఊపిరి వదిలిందో లేదో మళ్లీ బిగబట్టింది. కిటికీ దిక్కు దొంగకు తల ఉండే చోట ఇంకా తెల్ల సున్నమే. ఆ ఒక్కటే మిగిలింది. మంచి దొంగైతే ఏంది, దొంగ దొంగనే గదా? తన బిడ్డను మేకులు కొట్టి గోడకు వేలాడదీస్తే తను ఆ గోడ కింద రోజూ ఎట్లా ఊడుస్తుంది?

ఇక ఆగలేకపోయింది. "తమ్మీ," అంది.

యాకయ్య రంగు కలుపుతున్నాడు. తల ఎత్తలేదు.

"ఆ మొఖం ఎవలిది పెడతానవ్?"

"ఇంక కనవడలే."

"నా కొడుకుది పెట్టకు తమ్మీ. నీ కాళ్లు మొక్కుత. వాడు చేసింది తప్పే. కానీ గోడ మీద..."

యాకయ్య కుంచె డబ్బా మీద అడ్డం పెట్టాడు. బల్లల వైపు, ఆ తరువాత కిటికీ వైపు చూశాడు. "అటు దిక్కు బల్లల మీద చెక్క వేసుకొని గీసిన. ఇటు మెట్లున్నయి, బల్లలు నిలవయి. నిచ్చెనే ఎక్కాలె. రోజు నిచ్చెన పట్టే మొగిలమ్మ మిరపకాయ ఏరవోయింది. పట్టుకునేటోడు కావాలె."

"నేను పడత."

"నీతోని కాదు. బండల మీద జారుతది. వాణ్ని తోలు."

"ఎవణ్ని?"

"ఇంట్ల ఉన్నడు గద. ఒక్కదానివుండి నిన్న బోరింగు కాడ రెండు కంచాలు కడిగినవ్."

బక్కమ్మ అక్కడి నుంచే ఇంటికి మళ్లింది. నడిచి పోయిందో ఉరికి పోయిందో ఆమెకే తెలియదు. కొడుకుతో ఏం చెప్పిందో, ఎట్లా బతిమాలిందో, చెయ్యి పట్టి ఎట్లా గుంజుకొచ్చిందో కూడా తరువాత ఎవరడిగినా చెప్పలేకపోయింది. భాస్కర్ తలకు తువ్వాల చుట్టుకొని, కళ్లు నేలకేసి వచ్చాడు. చర్చి గడప దగ్గర ఆగిపోయాడు.

యాకయ్య వాణ్ని ఒకసారి చూసి, నిచ్చెన గోడకు ఆనించాడు. "కాలు అడ్డం పెట్టు. రెండు చేతుల పట్టు," అన్నాడు. అంతే. మూడేళ్ల తరువాత వాడితో అన్న మొదటి మాట అదే.

ఎక్కడం మొదలుపెట్టాడు. మంచి కాలు ముందు పెట్టి, వంగని కాలును కర్రలా పైకి గుంజుకుంటూ. ఒక్కో మెట్టుకు నిచ్చెన కిర్రుమంటోంది. కింద బండ నున్నగా ఉంది. నడుమకు పోయేసరికి నిచ్చెన కాలు రవ్వంత జారింది. బక్కమ్మ "ప్రభువా" అంటూ కళ్లు మూసుకుంది. తెరిచేసరికి భాస్కర్ మోకాలు బండకు ఆనించి, నిచ్చెనను రెండు చేతులా వాటేసుకొని, చెంప దాని కర్రకు పెట్టి ఉన్నాడు. తువ్వాల ఊడి కింద పడింది.

"ఉన్నవా?" పైనుంచి యాకయ్య.

"ఉన్న మామా."

"ఉరుకుతవా?"

భాస్కర్ నిచ్చెనను ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. వాడి వీపు ఎగిరెగిరి పడుతోంది. "ఉరక మామా," అన్నాడు ఎట్లాగో.

"ఇటు చూడు."

భాస్కర్ తల పైకెత్తాడు. కిటికీలో నుంచి ఎండ నేరుగా వాడి మొఖం మీద పడింది. కళ్లల్లో నీళ్లు, మెడ సాగి, నోరు సగం తెరుచుకొని, పైనున్న మనిషి ఎక్కడ జారుతాడో అని చూపు కదపకుండా చూస్తున్నాడు.

యాకయ్య కుంచె ముంచాడు. "గట్లనే ఉండు, కదలకు," అన్నాడు.

బక్కమ్మ వద్దందామని నోరు తెరిచింది. వెలుతురు పడ్డ కొడుకు మొఖం చూసి ఆగింది. గోడ వైపు చూడాలనీ అనిపించలేదు. పోయి కొడుకు పక్కన మోకాళ్ల మీద కూర్చొని, తను కూడా నిచ్చెన రెండో కాలు పట్టుకుంది.