ఊరికే ఉన్న మనిషి

పాల సీసాలు మరిగించడం నాకు కొత్త పనేం కాదు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. గిన్నెలో నీళ్ళు సలసలా మరుగుతుంటే సీసాలూ పాలపీకలూ అందులో వేసి, కాసేపయ్యాక పట్టకారుతో తీసి గుడ్డ మీద బోర్లించడం. ఆ రోజు దించుతున్నప్పుడు మా మనవరాలు, పాప, వెనకనుంచి వచ్చి నా కాళ్ళు చుట్టేసుకుంది. అప్పుడప్పుడే గోడ పట్టుకుని నడుస్తోంది అది. ఎక్కడ దాని మీద పడతాయోనని గిన్నెని ఒక్కసారిగా నావైపు తిప్పుకున్నాను. మరిగే నీళ్ళన్నీ నా ఎడమచేతి మీద పడ్డాయి, మణికట్టు నుంచి మోచేతి దాకా.

అరిస్తే పాప జడుసుకుంటుందని అరవలేదు. దాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, బెల్టు పెట్టి, అప్పుడు వెళ్ళి చెయ్యి కుళాయి కింద పెట్టాను. గిన్నె పడ్డ చప్పుడుకి పక్క గదిలో ఆఫీసు మీటింగులో ఉన్న మా అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. నా చెయ్యి చూడగానే దాని మొహం పాలిపోయింది. "ఆస్పత్రికి పోదాం పదమ్మా" అంటూ చెప్పులు వేసేసుకుంది. అంతలో అల్లుడు గుమ్మంలోకి వచ్చి, "ఒక్క నిమిషం ఇలా రా" అని దాన్ని పడగ్గదిలోకి పిలిచాడు. తలుపు వేసుకున్నారు. లోపల గుసగుసలు. నేను నీళ్ళ కింద చెయ్యి పెట్టుకుని నిలబడే ఉన్నాను. తలుపు తెరుచుకునేసరికి మా అమ్మాయి కాళ్ళకి చెప్పులు లేవు.

"మందుల షాపులో మంచి ఆయింట్‌మెంటు దొరుకుతుందమ్మా. ఆస్పత్రికెళ్తే గంటలు గంటలు కూర్చోబెడతారు" అంది. నా మొహంలోకి చూడకుండా అంది.

నేను డ్రైవింగ్ నేర్పే మనిషిని. మా ఊళ్ళో నేనూ నా స్నేహితురాలూ కలిసి ఆడవాళ్ళ కోసం డ్రైవింగ్ స్కూలు పెట్టుకున్నాం. నన్ను అందరూ బ్రేకు మేడం అంటారు, దాన్ని క్లచ్చు మేడం. పక్క సీట్లో కూర్చుని ఎదుటి మనిషి పాదం ఎటు కదలబోతోందో మొహం చూసి చెప్పేయగలను. నలభై దాటిన ఆడవాళ్ళు చెమటలు కక్కుకుంటూ వచ్చి, నెల తిరిగేసరికి కొంగు దోపుకుని లారీవాళ్ళకి హారన్ కొడుతుంటే చూడటం నాకున్న పెద్ద సంతోషం. అటువంటి దాన్ని, మా అమ్మాయి పురిటికని ఆర్నెల్ల వీసా మీద ఇక్కడికొచ్చి, పాపకి ఏడాది నిండబోతున్నా ఇక్కడే ఉన్నాను. ఎయిర్‌పోర్టులో దిగగానే అల్లుడు పాస్‌పోర్టు అడిగి తీసుకున్నాడు. గడువు దగ్గర పడ్డప్పుడు నేను గుర్తు చేస్తే, "పొడిగింపుకి పెట్టాం అత్తయ్యగారూ, అది ఆ ఆఫీసులో ఉంది" అన్నాడు. ఆ తర్వాత ఎప్పుడడిగినా, "వస్తుందండీ, ఇక్కడ అన్నీ నెమ్మది" అనేవాడు. మర్యాదస్థుడు. ఎప్పుడూ గొంతు పెంచి మాట్లాడి ఎరగడు. అందుకే నాకు అనుమానం రాలేదు.

పురుడు, పథ్యం, పాపకి నూనె రాయడం, స్నానం, వాళ్ళిద్దరికీ వంట, డబ్బాల్లో సర్దడం, గిన్నెలు, బట్టలు, మడతలు, మళ్ళీ పాప. ఇవన్నీ నేనేదో గొప్పగా చెప్పుకోవడం లేదు. కూతురి కోసం ఏ తల్లయినా చేస్తుంది. చెయ్యాలనే వచ్చాను. కానీ మొదట్లో "అమ్మా, నువ్వు కూర్చో, నేను చేస్తాను" అన్న పిల్ల, తర్వాత తర్వాత "అమ్మా, ఇవాళ కూరలో ఉప్పెక్కువైంది" అనే దాకా వచ్చింది. ఆ మధ్యలో ఏ రోజు మారిందో నాకు తెలియలేదు, దానికీ తెలిసి ఉండదు. ఒకరోజు నడుం పట్టేసి పడుకుంటే అల్లుడు టీ కలుపుకుని, "అత్తయ్యగారు లేకపోతే ఇల్లు ఇల్లులా ఉండదు" అని మెచ్చుకున్నాడు. ఆ మాటకి నేను పొంగిపోయాను కూడా. పొంగిపోయి, లేచి వంట చేశాను.

చెయ్యి కాలిన మూడోనాటికి చీము పట్టి జ్వరం వచ్చింది. పాప పడుకున్నాక ఇద్దర్నీ కూర్చోబెట్టి అడిగాను.

"నన్ను ఆస్పత్రికి ఎందుకు తీసుకెళ్ళలేదు?"

అమ్మాయి తల దించుకుంది. అల్లుడే చెప్పాడు. పొడిగింపు కోసం వెళ్తూ నా పాస్‌పోర్టు ఉన్న సంచీని ట్యాక్సీలో మర్చిపోయాడట. వెతికాడట, దొరకలేదట. ఎలా చెప్పాలో తెలియక రోజులు గడిపేశాడట. ఈలోపు వీసా గడువు దాటిపోయింది. ఇప్పుడు ఆస్పత్రికెళ్తే కాగితాలడుగుతారు. కాగితాలు లేవంటే ఎక్కడికి దారితీస్తుందో తెలీదు.

"అంటే నేనిక్కడ దొంగతనంగా ఉంటున్నానా?" అన్నాను.

"అంత మాట ఎందుకండీ? ఇంట్లోనే ఉంటారు కదా, మిమ్మల్ని ఎవరడుగుతారు? ఇక్కడ శాశ్వతంగా ఉండటానికి మేం పెట్టుకున్న ఫైలు ఇప్పుడు పరిశీలనలో ఉంది. ఈ టైములో మీ సంగతి బయటపడితే మా పేరు పాడవుతుంది. ఒక్క ఆర్నెల్లు ఓపిక పట్టండి. ఆ తర్వాత నేనే దగ్గరుండి అన్నీ చూస్తాను."

మా అమ్మాయి వైపు చూశాను. "నీకు ముందే తెలుసా?"

"తెలుసమ్మా" అంది. "నువ్వు కంగారు పడతావని..."

నాకు మా ఆయన గుర్తొచ్చాడు. నా డిగ్రీ సర్టిఫికెట్లు, బ్యాంకు పుస్తకం, ఆఖరికి నా పుట్టినతేదీ కాగితం కూడా ఆయన బీరువాలో ఉండేవి. తాళంచెవి ఆయన మొలతాడుకి. "నీకెందుకే ఇవన్నీ, నేనున్నాగా" అనేవాడు. ప్రేమగానే అనేవాడు. ఆయన పోయాక ఆ బీరువా తెరిచి నా కాగితాలు ఒక్కొక్కటే బయటికి తీస్తుంటే, ఇంతకాలం ఎవరింట్లోనో దాచిన వస్తువులా ఉన్నానే అనిపించింది. ఆ తర్వాతే కారు నేర్చుకున్నాను. నేర్పడం మొదలుపెట్టాను. ఇక నా కాగితం ఇంకొకరి చేతికివ్వనని అనుకున్నాను కూడా. మరి ఎయిర్‌పోర్టులో అల్లుడు చెయ్యి చాపగానే ఎలా తీసి ఇచ్చేశాను? పురిటి కూతుర్ని చూడబోతున్న సంబరంలో ఇచ్చేశాను. ఇంట్లో మగమనిషి అడిగితే ఇవ్వడం ఈ చేతులకి ఎప్పటినుంచో అలవాటు. అలవాటు పోయిందనుకున్నాను, పోలేదు.

మర్నాడు ఫోన్లో క్లచ్చు మేడంకి అంతా చెప్పాను. "నీ చేతికి ఇంకేమైనా అయితే వాళ్ళప్పుడు కూడా ఆయింట్‌మెంటే రాస్తారా?" అంది. వాళ్ళనీ వీళ్ళనీ కనుక్కుని మధ్యాహ్నానికి మళ్ళీ చేసింది. పాస్‌పోర్టు పోయిందని పోలీసు దగ్గర కాగితం తీసుకుంటే, దాంతో మన ఎంబసీవాళ్ళు ఇంటికెళ్ళడానికి ఒక్క ప్రయాణానికి పనికొచ్చే పత్రం ఇస్తారట. గడువు దాటిన సంగతి మాత్రం ఇక్కడి ఇమిగ్రేషన్ ఆఫీసులో తేల్చుకోవాలట. "పట్టుకుంటారేమోనే" అన్నాను. "ఇప్పుడు మాత్రం వదిలేసి ఉన్నారా నిన్ను?" అంది.

అమ్మాయి, అల్లుడు ఆఫీసులకెళ్ళిన రోజు చూసి బయల్దేరాను. పాపని ఎవరికి వదిలిపెట్టను? తోపుడుబండిలో కూర్చోబెట్టుకుని నడిచాను. చెయ్యి కట్టు కింద సలుపుతోంది. అంతకాలం కిటికీలోంచి చూసిన వీధే. పోలీసు కనబడితే పక్కసందులోకి తిరగాల్సిన మనిషిని, పోలీసు స్టేషన్ ఎక్కడని దారి అడుక్కుంటూ వెళ్ళాను. అక్కడ బల్ల వెనక ఉన్న కుర్రాడు ఫోన్‌లో నా మాటలు వాళ్ళ భాషలోకి మార్చుకుని చదివాడు. ఏదో టైపు చేశాడు. వీసా ఎంతవరకు ఉందని అడిగాడు. నిజం చెప్పాను. తలెత్తి నన్నూ, నా చేతి కట్టునీ, పాపనీ చూశాడు. లేచి లోపలికెళ్ళాడు. నన్ను లోపల పెడితే పాపని ఎవరికిస్తారు, దానికి ఆకలేస్తే ఎవరికి తెలుస్తుంది, ఇదే ఆలోచన. అతను తిరిగొచ్చి సంతకం చేసిన కాగితం ఒకటి ఇచ్చి, ఇమిగ్రేషన్ ఆఫీసు చిరునామా వెనకాల రాసి, ముందు ఆస్పత్రికి వెళ్ళమని నా చెయ్యి చూపించి చెప్పాడు.

ఆస్పత్రికీ వెళ్ళాను. చెయ్యి శుభ్రం చేసి మందులిచ్చారు. పాస్‌పోర్టు ఎవరూ అడగలేదు.

సాయంత్రం వాళ్ళు రాగానే అంతా చెప్పాను. పోలీసు కాగితం చూసి అల్లుడు చాలాసేపు కిటికీ దగ్గర నిలబడ్డాడు. "ఇన్నేళ్ళ మా కష్టం ఒక్క పూటలో రోడ్డున పడేశారు అత్తయ్యగారూ" అన్నాడు. అప్పుడు కూడా గొంతు పెంచలేదు.

"నన్నొక మాట అడగాల్సిందమ్మా" అంది అమ్మాయి.

"అడిగితే ఆగమంటావు. నువ్వు ఆగమంటే నేను ఆగిపోతాను. అందుకే అడగలేదు."

ఎంబసీలో పత్రం ఇచ్చారు. ఇక మిగిలింది ఇమిగ్రేషన్ ఆఫీసు. అక్కడికి అమ్మాయే సెలవు పెట్టి పాపనెత్తుకుని నాతో వచ్చింది. రైల్లో దారి పొడుగునా నాకు పాఠం చెప్పింది. "ఇక్కడ ఏం చేశావని అడుగుతారు. పని అన్న మాట మాత్రం నీ నోట్లోంచి రాకూడదు. ఈ వీసా మీద పని చేస్తే పెద్ద కేసమ్మా. ఊరికే ఉన్నాను అను. మాతో గడపడానికి వచ్చాను, ఊరికే ఉన్నాను. అంతే."

"ఊరికే ఉన్నాను" అని ఒకసారి అనిచూశాను. నోటికి తిరగలేదు.

కాసేపయ్యాక అది నా భుజం మీద తల వాల్చింది. చిన్నప్పుడు కారులో నిద్రొస్తే అలాగే వాలేది. "నువ్వెళ్ళిపోతే నేను ఉద్యోగం మానెయ్యాలి" అంది మెల్లగా. "నా కాళ్ళ మీద నేను నిలబడాలని నువ్వే కదా అనేదానివి."

"నువ్వెందుకు మానాలి? దానికి తండ్రి ఉన్నాడుగా."

"ఆయనకి ఆఫీసులో అలా కుదరదమ్మా."

నిలబడమని నేర్పిన మాట నిజమే. నిలబడటానికి కింద ఇంకో ఆడమనిషి ఉండాలని మాత్రం నేనెప్పుడూ చెప్పలేదు. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చి ఆగింది. అది అలిసిపోయి ఉంది. కళ్ళ కింద నలుపు. దాన్ని అలా చూస్తే నాకు ఎప్పుడూ లేచి ఏదో ఒకటి చెయ్యాలనిపిస్తుంది. ఆ అనిపించడమే నన్ను ఇన్నాళ్ళూ ఆ ఇంట్లో కట్టేసింది. తాళం వేసింది అల్లుడే కావచ్చు, తలుపు దగ్గరికి నేను కూడా వెళ్ళలేదు.

ఆఫీసరు నా వయసావిడే. కళ్ళజోడుకి మెడ చుట్టూ తాడు ఉంది. బల్ల మీద ఫోన్‌లోంచి మన భాష తెలిసిన అమ్మాయి ఒకతె, ఆవిడ అడిగింది నాకు, నేను చెప్పింది ఆవిడకి మార్చి చెబుతోంది. పాస్‌పోర్టు ఎలా పోయిందో ఉన్నదున్నట్టు చెప్పాను. పక్కన మా అమ్మాయి గాలి పీల్చడం కూడా మానేసినట్టు కూర్చుంది.

"ఇక్కడున్న కాలంలో మీరేమైనా పని చేశారా అని అడుగుతున్నారండీ" అంది ఫోన్లో అమ్మాయి.

ఊరికే ఉన్నాను అనాలి. అనలేకపోయాను. "పురుడు పోశాను. పాపని పెంచాను. వండాను, వార్చాను, ఇల్లంతా చూసుకున్నాను. ఇదిగో, ఈ చెయ్యి అలాగే కాలింది" అన్నాను. మా అమ్మాయి నా మోకాలు గట్టిగా పట్టుకుంది.

ఫోన్లో అమ్మాయి అదంతా చెప్పింది. ఆఫీసరు నవ్వింది. దయగానే నవ్వింది. ఏదో అంది. ఫోన్ ఒక్క క్షణం ఆగింది.

"‘అది పని కాదు, అది కుటుంబం’ అంటున్నారండీ. పని చేయలేదనే రాసుకుంటున్నారు."

మా అమ్మాయి పట్టు వదిలింది. బతికిపోయాం అన్నట్టు నా చెయ్యి నిమిరింది. నేను మాత్రం ఆవిడ రాస్తున్న కలం వైపే చూస్తూ ఉండిపోయాను. నేను పడ్డ చాకిరీ అంతా ఏమీ కాదని చెప్పి చట్టం నన్ను వదిలేసింది. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. ఆవిడ కూడా సాయంత్రం ఇంటికెళ్ళి గిన్నెలు కడుక్కునే మనిషేనేమో అనిపించింది.

ఆ తర్వాత రెండు దారులున్నాయని చెప్పారు. తప్పు నాది కాదు కాబట్టి ఇక్కడే ఉండి అర్జీ పెట్టుకోవచ్చు. తేలడానికి ఏడాది పట్టొచ్చు, తేలితే నా మీద ఏ మచ్చా ఉండదు, ఎప్పుడైనా రావచ్చు, పోవచ్చు. లేదంటే ఇప్పుడే నా అంతట నేను వెళ్ళిపోవచ్చు. అప్పుడు గడువు దాటి ఉన్నట్టే లెక్క, కొన్నేళ్ళ వరకు మళ్ళీ ఈ దేశంలోకి రానివ్వరు.

"అర్జీ పెడదామమ్మా" అంది మా అమ్మాయి వెంటనే. దాని కళ్ళల్లో ఆశ. "నిన్నేం కష్టపెట్టను, మనిషిని పెట్టుకుందాం, నువ్వు ఊరికే కూర్చో. వెళ్తే పాపని మళ్ళీ ఎప్పుడు చూస్తావు?"

పాప దాని ఒళ్ళోంచి నావైపు వంగి నా కట్టు పీకుతోంది. అది మాటలు నేర్చుకోవడం చూడను. బడికెళ్ళడం చూడను. నేను వచ్చేసరికి ‘ఎవరీవిడ’ అని తల్లి వెనక్కి నక్కుతుంది. ఇదంతా అప్పుడే, ఆ కుర్చీలోనే నాకు తెలుసు. ఏడాది అంటే ఏమిటో కూడా తెలుసు. ఏడాది తర్వాత ఇంకేదో ఉంటుంది, ఎప్పుడూ ఉంటుంది. నేనక్కడ ఉన్నంత కాలం ఆ ఇంట్లో తండ్రి తండ్రి కానక్కర్లేదు. అది మా అమ్మాయికి ఇప్పుడు చెబితే అర్థం కాదు.

"వెళ్ళిపోతానని చెప్పమ్మా" అన్నాను ఫోన్‌తో.

"అమ్మా" అంది మా అమ్మాయి. నా శాలువా కొసని కొంగులా మొహానికి అడ్డం పెట్టుకుంది. దాని తల మీద చెయ్యి వేసి ఉంచాను.

ఆఫీసరు కలం పక్కన పెట్టి, కళ్ళజోడు తీసి, మొదటిసారి ఫోన్ వైపు కాకుండా నా కళ్ళల్లోకి చూస్తూ మాట్లాడింది.

"ఇది తప్పనిసరిగా అడగాలటండీ" అంది ఫోన్లో గొంతు. "ఈ నిర్ణయం మీ అంతట మీరే తీసుకున్నారా, ఎవరైనా చెబితే తీసుకున్నారా?"

నా జన్మలో ఎవరూ నన్నామాట అడగలేదు. పెళ్ళప్పుడు అడగలేదు, ఇక్కడికి తెచ్చేటప్పుడు అడగలేదు.

"నా అంతట నేనే" అన్నాను.