తూకానికి రాని పొడి

మా బావ మిక్సింగ్ హాల్లో కుప్పకూలినప్పుడు సూపర్‌వైజర్ ముందు లేపించింది మనిషిని కాదు, ఆయన చేతిలోంచి జారిన పొడి సంచిని. కంపెనీ డాక్టరు చీటీ మీద ‘సిగరెట్ల దగ్గు’ అని రాశాడు. మా బావ జన్మలో సిగరెట్ ముట్టలేదు. మా అక్క ఆ మాటే అంటే, "ఇంట్లో చెప్పి తాగుతారా ఏంటమ్మా" అని నవ్వాడు డాక్టరు.

నేను ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. మీరు చదువుకునే పిల్లలు, నా మాటల్లో తప్పులుంటే దిద్దుకోండి, కానీ చివరిదాకా వినండి.

మేం చేసేది వెండి పొడి. నానో అంటారు. ఆస్పత్రి గోడల రంగులో కలిపితే క్రిములు చస్తాయట. వెంట్రుక మందాన్ని వెయ్యి వంతులు చేస్తే ఒక్క వంతు ఎంతుంటుందో, రేణువు అంత. సంచి విప్పితే పొగలా లేస్తుంది. దానికి మాకిచ్చింది గుడ్డ మాస్కు.

షిఫ్టు దిగేటప్పుడు గాలి గొట్టం పట్టేది నేను. కంప్రెసర్ గాలితో అందరి చొక్కాలూ జుట్టూ దులిపి పంపేవాణ్ణి. పిల్లల దగ్గరికి శుభ్రంగా వెళ్లాలని అందరూ వరసలో నిలబడేవాళ్లు. "చంకల్లో కూడా కొట్టరా బామ్మర్దీ, లేకపోతే మీ అక్క గుమ్మం ఎక్కనివ్వదు" అనేవాడు బావ. పదకొండేళ్లు కొట్టాను.

ఆ పొడిని కనిపెట్టిన సైంటిస్టమ్మను కంపెనీయే పిలిపించింది, నాలుగు మంచి మాటలు రాస్తుందని. ఆమె గాలిలో రేణువుల్ని లెక్కపెట్టే పెట్టె ఒకటి తెచ్చింది. నేను గొట్టం తిప్పగానే పెట్టెలో అంకెలు పిచ్చెక్కినట్టు పరిగెత్తాయి. ఆమె వచ్చి గొట్టం మూతికి అరచెయ్యి అడ్డం పెట్టింది.

"రోజూ ఇలాగే దులుపుతావా?"

"రోజూ అమ్మా."

"దులపడం కాదు. అందరి చేతా పీల్పిస్తున్నావు."

నేను ఆ రాత్రి అన్నం తినలేదు.

సైకిల్ స్టాండు వెనక రేకుల గదిలో మీటింగు పెట్టుకుని సైంటిస్టమ్మనూ పిలిచాం. ప్యాకింగులో పనిచేసే ఆవిడను మేం లాయరమ్మ అంటాం, నోరు అలాంటిది. ఆవిడే లేచింది. "మీరే పుట్టించి, మీరే విషమంటారా?"

"అప్పుడు గోడ మీది క్రిముల్నే చూశాను. సంచులు నింపేవాళ్లను చూడలేదు. తర్వాత ఎలుకల ఊపిరితిత్తులు కోసి చూస్తే..."

"ఎలుకలు అదృష్టవంతులమ్మా. వాటికి పరీక్షైనా చేశారు."

సైంటిస్టమ్మ తల దించుకుంది. తర్వాత తన రిపోర్టు మా ముందు పెట్టి, అర్థమయ్యేదాకా నాలుగు సార్లు చదివింది.

మేం అడిగినవి మూడే. మిక్సింగ్ మెషీన్‌ను మూసి, పొడిని బయటికి లాగేసే ఫ్యాను పెట్టాలి. పనికొచ్చే మాస్కులివ్వాలి. బావ జబ్బు పని వల్లే వచ్చిందని రాయాలి. మేనేజరు కాగితం చూడనైనా లేదు. "గాలిలో దుమ్ము తూకం వేయించాం. రూల్లో ఉన్నదాంట్లో సగం కూడా లేదు."

తూకం వేస్తే ఏముంటుంది? కోట్ల రేణువులు కలిసినా ముల్లు కదలదు.

ఆ సాయంత్రం నేను గొట్టం తియ్యలేదు. బావతో సహా అరవై ఇద్దరం, ఒంటి మీది పొడితోనే, ఏసీ ఆఫీసులోకి నడిచి సోఫాల్లో కూర్చున్నాం. మేనేజరు రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని లేచాడు.

"సగం కూడా లేదు కదా సార్, కూర్చోండి" అంది లాయరమ్మ.

వెనక తలుపులోంచి పరిగెత్తాడు. అందరం నవ్వాం. బావ కూడా నవ్వాడు. ఆ నవ్వు దగ్గై, అరగంటకి గానీ ఆగలేదు.

తర్వాత జరిగింది మీకు కొత్తేం కాదు. పోలీసులు వచ్చారు, లాఠీలు లేచాయి, అరవై ఇద్దరి ఉద్యోగాలూ పోయాయి. సైంటిస్టమ్మ ల్యాబుకి తాళం వేశారు. రిపోర్టు ‘పరిశీలనలో ఉంది’ అంటారు అధికారులు, ఇప్పటికీ. మూడో నెల బావ పోయాడు. చావు కాగితం మీద కూడా సిగరెట్టే.

ఫ్యాక్టరీ కొత్తవాళ్లతో నడుస్తోంది. రోజూ షిఫ్టు మారేవేళ మేం గేటు బయట నిలబడతాం. పంతొమ్మిది మందిమి మిగిలాం. ఒక నినాదం మొత్తం పలికే ఊపిరి ఎవరికీ లేదు. లాయరమ్మ సగం అంటుంది, మిగతా సగం నేనంటాను. గోడ అవతల గాలి గొట్టం బుసకొడుతుంటే అదీ వినబడదు. కొత్తవాళ్లు మా ముఖం చూడకుండా వెళ్లిపోతారు. వాళ్లను తిట్టలేను. పదకొండేళ్లు నేనూ అంతే.

మొన్న ఆ కొత్తవాళ్లలో ముగ్గురు దులుపుకోకుండా బయటికొచ్చారు. జుట్టంతా బూడిద రంగు.

"ఇక్కడ తడిగుడ్డతో తుడుస్తారంట కదన్నా" అన్నాడు ఒకడు.

సైంటిస్టమ్మ నేర్పిన పద్ధతి అది. విదిలించకుండా తుడవాలి, చొక్కా అక్కడే తడిపి మూట కట్టాలి. నేను తుడిచాను. మాతోపాటు గేటు దగ్గరికి వచ్చే అక్క బకెట్లోంచి నీళ్లు పోసింది. లోపల గొట్టం దగ్గర ఇంకా నలభై మంది వరసలో ఉన్నారు.

గేటు దగ్గర గుమిగూడుతున్నామని పోలీసులు ఆ బకెట్ పట్టుకుపోయారు. నిన్న ఇంకోటి తెస్తే అదీ జీపులో వేసుకున్నారు. అక్క వాళ్లతో వాదించలేదు. ఈ పూట మూడోది తెచ్చింది.