గట్టు పక్క జొన్న

మాది నల్లరేగడి. ఎండితే కాలు ఇరుక్కునేంత నెర్రెలిస్తుంది, తడిస్తే చుక్క నీటిని వదలదు. ఇందులో బొప్పాయి ఏమిటని అందరూ వారించారు. మా ఆయన పోయాక మిర్చి కోతకు కూలీల వెంట తిరగలేక, నేనే మొండికేసి ఎకరంలో వేశాను. ఈ కోటిరత్నం ఒకరి మాట వినే రకం కాదని ఊరందరికీ తెలుసు.

పక్క చేను కోటేష్‌ది. మా ఆయనకు ప్రాణస్నేహితుడు. "వదినా, ఇయ్యాల పచ్చడేంటి?" అంటూ రోజూ గట్టు మీదే మాతో కూర్చుని అన్నం తినేవాడు. ఆయన పోయాక కూడా ఆ అలవాటు మానలేదు. రోజు మొత్తంలో నేను మనిషితో మాట్లాడేది ఆ కాసేపే.

పోయినేడు అతని మిర్చికి ముడత తెగులొచ్చింది.

"నీ బొప్పాయి మీద నుంచే తెల్లదోమ వస్తంది. పీకెయ్ వదినా" అన్నాడు.

"ఊరంతా వచ్చింది ముడత. నా చెట్లేం చేశాయి?" అన్నాను.

అంతే, మాట్లాడటం మానేశాడు. గట్టు మీదకు రావడమూ మానేశాడు.

ఈ కార్తీకంలో తుఫాను పట్టింది. వాన వెలిసేసరికి బొప్పాయి మొదళ్ళలో నీళ్ళు నిలిచిపోయాయి. ఆ వేరు నానితే కుళ్ళడమే, ఇంకో రోజు ఆగదు. పల్లమేమో కోటేష్ చేను వైపు. అందులోంచి కాలవ తీస్తే పూతకొచ్చిన మిర్చి మొక్కలు పోతాయి. ఏ మొహం పెట్టుకుని అడగను? అయినా వెళ్ళాను.

పాకలో మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"కోటేష్, చెట్లు చచ్చిపోతన్నాయయ్యా. తిట్టాలనుంటే తిట్టు, నీళ్ళకి మాత్రం దారియ్యి."

పార తీసుకుని లేచాడు. గట్టుకి గండి కొట్టి, గట్టు వెంబడి పూత మీదున్న తన మొక్కల్ని తనే పీకి పడేసి, మురుగు కాలవ దాకా తవ్వాడు. నేనూ తవ్వాను. "కాసిని మంచినీళ్ళు తాగు", "ఇంక చాల్లే, మిగతాది నేను తవ్వుతా" అంటూ నేనే మాట్లాడాను. నీళ్ళు కదిలాయి. వాటిలోనే కాళ్ళు కడుక్కుని వెళ్ళిపోయాడు.

చెట్లు బతికాయి. అంత చేసినవాడికి కోపం ఇంకెక్కడుంటుంది అనుకున్నాను. నేల ఆరి పదునుకొచ్చిన రోజున గోంగూర పచ్చడి నూరి, ఇద్దరికి సరిపడా క్యారేజీ కట్టుకెళ్ళి గట్టు మీద కూర్చున్నాను.

వచ్చాడు. చేతిలో విత్తనాల సంచి. మొక్కలు పీకిన చోట, కాలవ పొడుగునా మూడు సాళ్ళలో గింజలు వేసుకుంటూ నా ముందు నుంచే పోతున్నాడు.

"ఏంటయ్యా అది?"

"జొన్న" అన్నాడు తలెత్తకుండా. "ఒత్తుగా లేస్తే దోమ ఇటు రాదంట."

ఏడాదికి అతని నోటి నుంచి వచ్చిన మాట అది.

పద్ధతి మంచిదే, కాదనను. జొన్నకి మా నేలంటే ప్రాణం. దోమ ఆగిందో లేదో గానీ, రెండు నెలలు తిరిగేసరికి గట్టు మీద కూర్చుంటే అటు మనిషి కనబడటం లేదు. నా చెట్ల నిండా కాయలున్నాయి. నాకు మాత్రం ఏడుపొస్తోంది.