గుండు కింద గుర్తు

మా నాన్న తాపీమేస్త్రీ. కొత్త ఇంట్లోకి సామాను చేరకముందే కప్పుకి దారం కట్టి, దాని కొసన తూకపు గుండు వేలాడదీసి, సరిగ్గా ఆ గుండు కింద నేలమీద గుర్తు పెట్టేవాడు. ఆ గుర్తును ఎవరూ చెరపకూడదు. మా ఇంటి మేస్త్రీలందరిదీ అదే పద్ధతి. "ఎందుకు నాన్నా?" అంటే "మా నాన్న పెట్టాడు, నేను పెడుతున్నా" అనేవాడు. అంతకుమించి ఆయన నోట్లోంచి ముక్క ఊడిపడేది కాదు. నేను ఫిజిక్సు టీచర్నయ్యాక ఆ మిగతా ముక్క పిల్లలకు చెప్పడం మొదలుపెట్టాను.

మా బళ్లో తొమ్మిదో తరగతి మూడో అంతస్తులో ఉంటుంది. పుస్తకం తెరిస్తే చాలు, పిల్లలకు ఆవలింతలు. అందుకని, మీ ఇళ్లలో పెద్దవాళ్లు ఎందుకో చెప్పకుండా చేసే పని ఒకటి చూసి రండి అన్నాను. ఒకమ్మాయి వాళ్ల నానమ్మ నీళ్ల క్యానుకి తడిగుడ్డ చుడుతుందంది. దాంతో ఆవిరి పాఠం అయిపోయింది. ఇంకొకడు వాళ్ల తాత బండి చక్రానికి ఇనపకట్టు ఎర్రగా కాల్చి తొడుగుతాడన్నాడు. వ్యాకోచం అక్కడే దొరికింది. నా వంతుకి నాన్న గుండు తెచ్చి, ఖాళీగా ఉన్న ఫ్యాను కొక్కేనికి వేలాడదీశాను. గుండు అనగానే పిల్లలు ప్రిన్సిపాల్ గారి తల గుర్తొచ్చి కిసుక్కున నవ్వారు. నవ్వు ఆగక నేనూ బోర్డు వైపు తిరిగాను.

"ఇది తిన్నగా కిందికే చూస్తుంది. ఎవరి మొహమాటానికీ పక్కకు జరగదు," అని నేలమీద సుద్దముక్కతో గుర్తు పెట్టాను. "ఎప్పుడైనా ఇది గుర్తు మీంచి జరిగినట్టు కనిపిస్తే, జరిగింది గుండు కాదు, ఇల్లు."

ఆయమ్మ చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడి అంతా వింది. నా పాఠాలు ఆమెకు సినిమాతో సమానం. "మా టీచరమ్మ గుండు" అని కిందంతా చెప్పుకొచ్చింది.

ఆ నెలలోనే పక్క స్థలంలో సెల్లారు కోసం తవ్వకం మొదలైంది. మోటార్లు పగలంతా నీళ్లు తోడి కాలువలోకి పోస్తుండేవి. మా గది తలుపు గడియ పడటం మానేసింది. వడ్రంగి వచ్చి తలుపు అంచు చిత్రిక పట్టి పోయాడు. కిటికీ మూల గోడ నెర్రె ఇచ్చింది. పెయింటరు లప్పం పూసి రంగు కొట్టాడు. నా బల్ల మీద సుద్దముక్క పెడితే ప్రతిసారీ కిటికీ వైపే దొర్లేది. బల్లకు కాలు పొట్టి అనుకుని కింద అట్టముక్క పెట్టాను. లోపల ఏదో పీకుతున్నా, పైకి చూస్తే గుండు మాత్రం గుర్తు మీద చక్కగా నిలబడి ఉండేది. దాన్ని చూసుకుని నిబ్బరంగా ఉన్నాను.

మా క్లాసులో ఒక పిల్ల ఉంది. ప్రతిదానికీ ప్రశ్నే కాబట్టి అందరూ సందేహం అని పిలుస్తారు. ఒకరోజు పొద్దున్నే చెయ్యెత్తింది.

"టీచర్, మొదటిరోజు గుర్తు ఈ టైలు మీది నల్లమచ్చను ఆనుకుని ఉంది. ఇప్పుడెందుకు ఇంత దూరంగా ఉంది?"

"నీకు కళ్లజోడు మార్పించాలి," అని వంగి చూశాను. మచ్చకూ గుర్తుకూ మధ్య నా బొటనవేలు పట్టింది. గుర్తు పెట్టినరోజు ఆ మచ్చ నాకూ బాగా జ్ఞాపకమే. వరండాలో ఉన్న ఆయమ్మను పిలిచాను.

"రోజూ తడిగుడ్డ పెడతాను కదమ్మా, చెరిగిపోద్ది. మళ్లీ గుండు కిందే పెట్టేస్తున్నా. వెంట్రుకవాసి తేడా రానిచ్చానా చెప్పు?"

అరుద్దామని నోరు తెరిచాను. మెచ్చుకుంటానేమోనని ఆమె నా మొహంలోకే చూస్తోంది. ఇన్నాళ్లూ గుండు వెంట గుర్తూ జరిగిందని ఆమెకు విడమరచి చెప్పకుండానే కదిలాను.

ప్రిన్సిపాల్ గారి దగ్గరికి పరుగెత్తాను. బిల్డింగు ఒరుగుతోందనీ, పిల్లల్ని ఇవాళే దించెయ్యాలనీ, ఇంజనీరును పిలిపించమనీ నెత్తీ నోరూ కొట్టుకున్నాను.

"టైలు మీద మచ్చ చూసి బడి మూసేయమంటారా మేడమ్?"

"తలుపు, గోడ, అన్నీ ఒకవైపే చెబుతున్నాయి సార్."

"గోరంత దాన్ని కొండంత చెయ్యకండి. పరీక్షలు దగ్గర పడ్డాయి. భోజనాలయ్యాక నేనే వచ్చి చూస్తా. గుండు గుర్తు మీద లేకపోతే అప్పుడు మాట్లాడదాం."

ఆయన వచ్చేసరికి గది అద్దంలా ఉంది. సార్ వస్తున్నారని, నేను భోజనానికి దిగినప్పుడు ఆయమ్మ మళ్లీ తుడిచి, గుండు కింద కొత్త గుర్తు ముద్దుగా పెట్టి పెట్టింది. ఆయన గుర్తు చూశాడు, గుండు చూశాడు, నన్ను చూశాడు. సందేహం నల్లమచ్చ చూపించబోతే "కూర్చో తల్లీ" అన్నాడు. "రేపటికి ఇది విప్పేయండి మేడమ్, పిల్లలు భయపడతారు," అని మెట్లు దిగిపోయాడు. ఆయన వెనకే తలుపు గట్టిగా పడింది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మంటలోనే రిజిస్టరు తీసి పేర్లు పిలిచాను. సగం పేర్లయినా కాకముందే సందేహం లేచి నిలబడింది.

"టీచర్, గుండు కదులుతోంది."

గుండు కదలడం లేదు. కొత్త గుర్తు దాని కిందనుంచి ఒక అంచుకు జరిగి ఉంది. గోడలో ఎక్కడో చిన్నగా టిక్కుమంది.

"సంచులు వదిలెయ్యండి. చేతులు పట్టుకోండి. పరుగెత్తకండి," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. తలుపు లాగితే రాలేదు. బయటినుంచి ఆయమ్మ భుజం పెట్టి ఒక్క తోపు తోస్తే కీచుమంటూ వచ్చింది. సందేహాన్ని ముందు పంపి, బెల్లు ఆపకుండా కొట్టమన్నాను. పిల్లలు ఒక్కొక్కరే నా పక్కనుంచి దిగారు. ఆయమ్మ గదిలోకి తొంగిచూసి "అయ్యో, గుర్తు తప్పిందే!" అంది.

"దాన్ని వదిలెయ్ ఆయమ్మా, దిగు!" అని ఆమె చెయ్యి పట్టుకుని మెట్ల దాకా లాక్కొచ్చాను. మెట్ల దగ్గర కింది తరగతి చిన్నపిల్ల ఒకతి పడబోతే ఆ చెయ్యి వదిలి పిల్లను ఎత్తుకున్నాను.

బెల్లు విని బడంతా గ్రౌండులోకి వచ్చింది. ప్రిన్సిపాల్ గారు కోపంతో అరుస్తూ వచ్చి, పక్క స్థలంలోకి మా ప్రహరీగోడ జారడం చూసి పిల్లల్ని గేటు వైపు తోలడం మొదలుపెట్టారు. నేను నా పిల్లల్ని చివరి గేటు దాకా నడిపించి ఒక్కొక్కరి తల మీద చెయ్యి పెట్టి లెక్క చూశాను. అందరూ ఉన్నారు.

"ఆయమ్మ ఏది?" అన్నాను.

సందేహం ఏడుస్తోంది. "బెల్లు దగ్గరదాకా వచ్చి మళ్లీ పైకెళ్లింది టీచర్. నేను వద్దన్నా. గుర్తు అలా ఉంటే సార్ మా టీచరమ్మను మాటంటారు, సరిచేసి వస్తా అంది."

పేరు పెట్టి పిలిచాను, అరిచాను, పిల్లలూ అరిచారు. పక్కన మోటార్ల చప్పుడులో మా కేకలు కలిసిపోయాయి. మూడో అంతస్తు కిటికీలో ఆయమ్మ నడుం నిలబెట్టి మా వైపు తిరిగింది. చేతిలో సుద్దముక్క ఉంది. సరిగ్గా పెట్టేశాను, ఇక కంగారుపడకు అన్నట్టు నన్ను చూసి నవ్వుతూ చెయ్యి ఊపింది.