మాట చివరి అచ్చు

"ఫ్లావీ, ఆ చొక్కా పక్కన పెట్టి ఆ ఒక్క ముక్కా ఇంకోసారి అను" అన్నాడు బెర్త్రాన్.

ఇస్త్రీ పెట్టె చేతిలో ఉంచుకునే అన్నాను: "రండమ్మా, రండి! ఇప్పుడే పడవ దిగిన చేపలు!"

అతను కళ్లు మూసుకుని విన్నాడు. "పరవాలేదు. రేపు స్టూడియోలో డబ్బింగ్ చెప్పేటప్పుడు ఇంకా బాగా వస్తుందిలే. మీ ఊరు, మీ అమ్మ వేషం. నువ్వు కాక ఇంకెవరంటారు?" అని, తాగిన కాఫీ కప్పు బల్లమీదే వదిలేసి వెళ్లిపోయాడు. నాకు మాత్రం చెయ్యి ఆగిపోయింది. ఆ కేక నా నోటి నుంచి వచ్చినట్టు లేదు. అతనికి తెలియలేదు కానీ నాకు తెలిసింది. ఈ సినిమా కోసం నేను ఇరవయ్యారేళ్లు కాచుకున్నాను. తెరమీద ఒక్కసారైనా మా ఊరి మాట మాట్లాడాలన్నదే నా కోరిక, ఇంకేం లేదు.

మాది దక్షిణాన సెత్ రేవు. అమ్మ ఒడ్డున బల్ల వేసుకుని చేపలమ్మేది. మా వైపు వాళ్లం మాట చివరి అచ్చును మింగం. పూర్తిగా పలికి, కాస్త సాగదీసి కానీ వదలం. పారిస్ వాళ్లు దాన్ని గొంతులోనే నొక్కేస్తారు. ఉన్న తేడా అంతే. నాకు ఇరవై రెండేళ్లప్పుడు బెర్త్రాన్ నన్ను ఆ ఒడ్డునే చూశాడు, సినిమా తీశాడు, పెళ్లి చేసుకున్నాడు. అందులో నేను పారిస్ జడ్జిగారమ్మాయిని. షూటింగు నాలుగు నెలలు జరిగింది. నా మాట సరిగ్గా ఉందా అని అడిగినప్పుడల్లా "అది తర్వాత చూసుకుందాం, నువ్వు ముఖం మీద దృష్టి పెట్టు" అనేవాడు. మొదటి ఆటకి కొత్త గౌను వేసుకుని అతని పక్కన కూర్చున్నాను. తెరమీద నేను నోరు తెరిచాను. ఇంకెవరో మాట్లాడారు. బిత్తరపోయి అతని వైపు తిరిగితే "ష్, జనం చూస్తున్నారు" అని నా చెయ్యి నొక్కాడు.

పత్రికలన్నీ నా గొంతును తెగ పొగిడాయి. ఆ గొంతు ఎవరిదో ఎక్కడా వెయ్యలేదు. చాలా ఏళ్లు ఆ కనబడని ఆవిడ మీద కోపంగా ఉండేది. తర్వాతెప్పుడో అర్థమైంది, నా దగ్గర గొంతు తీసుకున్నట్టే ఆవిడ దగ్గర పేరు తీసుకున్నారని. ఇద్దరి కష్టం కలిపి ఒక మగవాడి ప్రతిభ అయింది. ఆ వేసవిలో ఊరెళ్తే అమ్మ నా కంచంలో ఇంకో చేప వేస్తూ అంది: "సినీమా బాగుందే పిల్లా. నువ్వెప్పుడొస్తావో అని ఆకర్దాకా కూకున్నాను."

నేను నవ్వేశాను. ఏడుపొచ్చినా నవ్వడం అప్పటికే అలవాటైంది.

పారిస్‌లో అతని స్నేహితులు భోజనానికొచ్చే రోజుల్లో వండేదీ వడ్డించేదీ నేనే, మాట్లాడకూడనిదీ నేనే. "నువ్వు ఊరికే నవ్వు, చాలు" అనేవాడు. ఓసారి ఉప్పు అందివ్వమన్నందుకు మా అత్తగారు "అబ్బ, అమ్మాయ్! నువ్వు ఉప్పడిగినా సంతలో కేకేసినట్టే ఉంటుంది" అంది. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా బెర్త్రాన్ నవ్వాడు. ఆ వారమే నాకు ఉచ్చారణ నేర్పే పంతులమ్మను పెట్టాడు. రోజూ పొద్దున్నే, రాత్రి మిగిలిన అంట్లు తోమకముందే, సీసా బిరడా పళ్ల మధ్య పెట్టుకుని గంటసేపు గట్టిగా చదవాలి. దవడలు లాగేసి రొట్టె నమలలేకపోయేదాన్ని. రెండేళ్లు అలా చదివాక ఓ రోజు ఎవరో పెద్దమనిషి "మీరు పుట్టి పెరిగిందంతా పారిసేనా?" అని అడిగాడు. పెంపుడు కుక్క కొత్త విద్య చూపించినట్టు బెర్త్రాన్ మురిసిపోయాడు. చెప్పడానికి సిగ్గేస్తుంది, నేనూ మురిసిపోయాను. ఆ తర్వాత పంతొమ్మిది సినిమాల్లో నా మాటలు నేనే చెప్పుకున్నాను. అది నా గొంతే అనుకున్నాను.

మర్నాడు స్టూడియోలో, డబ్బింగ్ చెప్పేవాళ్లు ఆనుకునే కర్ర కమ్మీ ముందు నిలబడ్డాను. తెరమీద చేపలమ్ముతున్న నేను, కింద ఓ నిలువు గీత వైపు పరుగెడుతున్న నా మాటల అక్షరాలు. ఏ అక్షరం ఆ గీత దగ్గరికి వస్తే అది పలకాలి. మూడుసార్లు పలికాను. నాలుగోసారికి ధ్వని చూసే లెయోన్స్ చెవులకున్న హెడ్‌ఫోన్లు తీసేశాడు. అతనిదీ దక్షిణాదే.

"ఏమనుకోకండి మేడమ్. పారిసావిడ మమ్మల్ని వెక్కిరిస్తున్నట్టుంది" అన్నాడు, నేల చూస్తూ.

బెర్త్రాన్ ఫక్కున నవ్వాడు. "నిజమే సుమా! ఫ్లావీ, నీ యాస ఏం చేశావ్?"

ఇంట్లో అతని వస్తువేదో నేనే ఎక్కడో పెట్టి మరిచిపోయినట్టు అడిగాడు. ఆ వెంటనే అతనికే దారి దొరికింది. "పోనీలే, కంగారుపడకు. మీ వైపే, మార్సెయ్ నుంచి ఎవరో ఒకావిణ్ణి పిలిపిద్దాం. ముఖం నీదే కదా!"

పది నిమిషాలు అడిగి బయటికొచ్చాను. నడవాలో ఫోనుంది. నాన్న పోయినప్పుడు చూశాను అమ్మని, ఆరేళ్లయింది; ఆ ఏడుపుల్లో నాలుగు మాటలు కూడా మాట్లాడుకోలేదు. ఇప్పుడు చూపు పూర్తిగా పోయింది. పోయిన నెలే తమ్ముడు ఆమె మంచం పక్కన ఫోను పెట్టించాడు. ఇంతవరకూ నేను చెయ్యలేదు. అమ్మ వింటుంటే నా నాలుకకి ఆ యాస దానంతటదే గుర్తొస్తుందని ఆశ. పేరు చెప్పకుండా, చిన్నపిల్లలా, ఆమె కేకే ఆమెకి వేశాను: "రండమ్మా, రండి! ఇప్పుడే పడవ దిగిన చేపలు!"

నవ్వుతుందనుకున్నాను.

"ఎవులమ్మా మీరు?" అంది అమ్మ. "మా మాటంటే అంత ఎటకారమా? నా కూతుర్ని కూడా ఇలాగే నవ్వి నవ్వి, దాని నోరు మూయించేసినారు."

అమ్మా నేనే అనాలి. ఏ గొంతుతో అనను? నేను ఏమన్నా అది ఆమెకి పారిసావిడ మాటే. నోటికొచ్చింది చెప్పేశాను.

"క్షమించండి. సినిమాల్లో మీ అమ్మాయికి గొంతిచ్చేదాన్ని నేనే."

అమ్మ గొంతు మెత్తబడింది. "ఓలమ్మ, నువ్వా! నీ తప్పేటుందిలే తల్లీ, నీ పొట్టకూటికి నువ్వు మాటాడినావు. ఒక్కటడుగుతాను. ఆల్లు నా పిల్ల గొంతు ఎక్కడ పెట్టినారో నీకేమన్నా తెలుసా? నాకిప్పుడు కళ్లు కనబడవు. దాని బొమ్మ సూడలేను. ఒక్కసారి ఇనాలనుంది."

"కనుక్కుంటానండీ" అని ఫోను పెట్టేశాను. గోడకి ఆనుకుని, చప్పుడు కాకుండా ఏడ్చాను.

బెర్త్రాన్ తలుపు తెరిచాడు. "ఇక్కడున్నావా! మార్సెయ్ ఆవిడ గురువారం వస్తుందట. రాత్రికి లెయోన్స్ కూడా మనింటికే వస్తున్నాడు, వంట సంగతి చూడు."

"నేను మా అమ్మ దగ్గరికి వెళ్తున్నాను" అన్నాను, కోటు తగిలించుకుంటూ.

"ఇప్పుడా? మళ్లీ ఎప్పుడొస్తావ్?"

"మాటలొచ్చాక."