కిల్టు కింద ఎర్ర లంగా

నేను ఒక కిల్టును. అంటే మగవాళ్లు కట్టుకునే ఉన్ని పావడానన్నమాట. నవ్వకండి. మా జాతి పుట్టింది మంచు కురిసే సీమలో. ఒళ్లు కొరికే చలిలో మోకాళ్లు బయటపెట్టుకుని తిరగాలని ఎవరికి తోచిందో గానీ, ఆ మహానుభావుణ్ణి ఒక్కసారి చూడాలని నాకిప్పటికీ కోరికే. దొరలు వెళ్లిపోతూ రైళ్లను వదిలినట్టే మన పటాలాలకు బ్యాగ్‌పైపుల బ్యాండును, దానితోపాటు మమ్మల్నీ వదిలేసి పోయారు.

నన్ను కుట్టింది మాత్రం మీరట్‌లో ఒక ముసలి దర్జీ. నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఒక్కొక్క కుచ్చిని బొటనవేలితో అదిమి, నీళ్లు చిలకరించి, బొగ్గుల ఇస్త్రీపెట్టెతో అణిచాడు. ఆఖరి కుట్టు వేశాక నన్ను విదిలించి, "కట్టుకున్నవాణ్ణి వెచ్చగా చూసుకో తల్లీ" అన్నాడు. ఆ మాట నేను తలకెక్కించుకున్నాను. నా మొదటి యజమాని కుమావూ కొండల్లో పుట్టినవాడు. మంచులో పుట్టి మంచులో పెరిగిన మనిషికి చలేమిటి? అతను వణక్కుండా నిలబడితే అదంతా నా గొప్పే అనుకుని మురిసిపోయాను.

నా గొప్ప ఏపాటిదో తవిటినాయుడి నడుముకు చేరాక తెలిసింది.

నాయుడిది బొబ్బిలి దగ్గర ఒక పల్లె. వాళ్ల తాత వీధి నాటకాలకు శ్రుతి కోసం తోలుతిత్తి ఊదేవాడట. ఆ ఊపిరి మనవడికి వచ్చింది. పటాలంలో చేరిన కొత్తలో ఎవరిదో బ్యాగ్‌పైపు సరదాకు ఊదితే విని, బ్యాండు మేజరు బిష్ట్ అతన్ని లాక్కొచ్చి బ్యాండులో వేసుకున్నాడు. నన్ను చేతికిచ్చిన రోజున నాయుడు చేసిన మొదటి పని, కుచ్చిళ్లు ముందుకు పెట్టుకుని పట్టీలు బిగించుకోవడం. బ్యాండంతా పొట్ట పట్టుకుని నవ్వింది. కిల్టుకు కుచ్చిళ్లు వెనక ఉండాలి, ముందు చదునుగా ఉండాలి. అయినా అతని తప్పేముంది? పంచెకైనా చీరకైనా వాళ్ల ఊళ్లో కుచ్చిళ్లు ముందే ఉంటాయి. వెనక్కి పోయేది గోచీ ఒక్కటే.

పటాలం అప్పుడు హిమాలయాల్లో ఒక కొండ ఊళ్లో ఉండేది. ఏటా చలికాలంలో ఒక ఉదయం, యుద్ధాల్లో పోయిన జవాన్లకు అక్కడ నివాళి జరిగేది. వాళ్ల పేర్లు చెక్కిన రాతి స్తంభం ముందు ఒక్కడే నిలబడి ఒక పాట ఊదాలి. ఆ పాట నాయుడికిచ్చారు. అంతకు ముందు వేసవిలోనే సరిహద్దులో పోయిన తన స్నేహితుడి పేరు కూడా ఆ రాతి మీద ఉంది గనుక, అతను దాన్ని పూజలా సాధన చేశాడు.

తీరా ఆ రోజు వచ్చేసరికి చలి పగబట్టినట్టు వచ్చింది. నాయుడు మోకాళ్లకు ఆవనూనె రాసుకున్నాడు. వేడి వేడి టీ తాగాడు. గెంతాడు. మోకాళ్ల దాకా ఉన్ని మేజోళ్లున్నాయి, పైన నేనున్నాను. కానీ అసలు చిక్కు మోకాళ్లతో కాదు. గాలి కింద నుంచి ఎక్కుతుంది. నా కుచ్చిళ్లన్నీ కలిసి కూడా దాన్ని ఆపలేకపోయాయి. బ్యాగ్‌పైపు తిత్తి చంకలో ఉంటుంది కదా, మోచెయ్యి వణికితే పాట వణుకుతుంది. చనిపోయినవాళ్ల కోసం ఊదిన ఆ పాట మేక అరిచినట్టు అరిచి మధ్యలో తెగిపోయింది. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేదనిపించింది.

"నీ ఊపిరి బంగారం నాయుడూ, ఒళ్లే ఎండలకు అలవాటు పడింది" అన్నాడు బిష్ట్ తర్వాత. అతను మాట్లాడేది హిందీ, చెప్పేది నేను గనుక తెలుగులో చెబుతున్నాను. "వచ్చే ఏడు కూడా పాట తెగిందంటే, నిన్ను స్టోర్సులో వేసి ఇంకొకరి చేత ఊదిస్తాను. ఆ రాయి ముందు మళ్లీ అలాంటి అరుపు నేను వినలేను."

నాయుడు తలొంచుకుని విన్నాడు. నేనూ విన్నాను. లోపల పైజామా తొడుక్కుందామంటే నిబంధన ఒప్పదు. కిల్టు కింద నుంచి ఏదీ కనబడకూడదు. కనబడితే తనిఖీలోనే ఇంటిదారి. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

తర్వాతి ఏడు సెలవుకు వెళ్తూ నాయుడు నన్ను కూడా పెట్టెలో పెట్టుకున్నాడు. కుచ్చిళ్ల కుట్లు ఊడాయని, కుట్టించుకొస్తానని బిష్ట్‌తో చెప్పాడు. అసలు సంగతి, నన్ను కట్టుకుని పెళ్లాం పైడితల్లికి చూపించాలని ముచ్చట. వరండాలో కట్టుకుని నిలబడగానే పైడితల్లి బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

"ఓలమ్మ! ఇదేటి బావా, కుచ్చిళ్లు ఎనకెట్టుకున్నావు? ఎవులైనా అలగ కట్టుకుంతారేటి?"

"మా బేండోళ్లు ఇలగే కట్టుకుంతారే."

"ముందంతా బోడిగా ఉంది, నీ బేండోళ్లకేటి తెలుసు?" అంటూ చుట్టూ తిరిగి, అంచు పట్టుకుని కొంచెం ఎత్తి చూసింది. నాకు సిగ్గేసింది. నాయుడికి అంతకన్నా ఎక్కువ సిగ్గేసింది. "లోన లంగా ఏదీ?"

"లంగా ఏటే? మగోణ్ణి!"

"మగోడివైతే సలెయ్యదా? పైన పటారం, లోన లొటారం. లంగా లేకుండా కుచ్చిళ్లు కట్టుకుంతే గాలి ఎక్కదేటి మరి?"

నిజమే కదా. పుట్టినప్పటి నుంచీ ఇలాంటి గుడ్డ కట్టుకు తిరిగే ఆడవాళ్లను ఒక్కరినైనా అడిగి ఉంటే, మా సీమ మగవాళ్లు ఇన్ని తరాలు వణికేవాళ్లు కాదేమో. పైడితల్లి బొబ్బిలి వెళ్లి, పసిపిల్లల చొక్కాలకు వాడే ఎర్ర ఫ్లానెల్ గుడ్డ తెచ్చింది. కాలి మిషను మీద లంగా కుట్టి బొందు ఎక్కించింది. కుట్టేటప్పుడు కొలత తనదే పెట్టుకుంది గనుక అది నాయుడి మడమల దాకా వచ్చింది. పైగా లంగా అన్నాక ఉండాలి కదా అని అంచుకు తెల్ల లేసు కూడా వేసింది. నాయుడు కక్కలేక మింగలేక దాన్ని పెట్టె అడుగున దాచి తెచ్చుకున్నాడు.

నివాళి రోజు మళ్లీ వచ్చింది. నేల మీద మంచు, ఆకాశంలోనూ మంచే. నాయుడు నన్ను చూశాడు, రాతి మీద ఉన్న పేరు గుర్తు తెచ్చుకున్నాడు, లంగా తీసి తొడుక్కున్నాడు. పొడవును పైకి లాగి నడుము దగ్గర మడతలు దోపుకున్నాడు. ఆపైన నన్ను కట్టాడు, ఈసారి కుచ్చిళ్లు వెనక్కే. ఫ్లానెల్ మెత్తగా నాకు ఆనుకుంది. గాలి ఎప్పటిలాగే కింద నుంచి వచ్చి, అక్కడే ఆగిపోయింది. నాయుడి తొడల వెచ్చదనం నాకు తెలిసింది. నా జన్మలో మొదటిసారి ఒక మనిషి నాలో వెచ్చగా ఉన్నాడు.

తనిఖీ దాటింది. నాయుడు ఒక్కడే ముందుకు నడిచి స్తంభం ముందు నిలిచాడు. ఎదురుగా, స్తంభానికి అవతల, ఆఫీసర్లు, వాళ్ల కుటుంబాలు. వెనక దూరంగా బ్యాండు. పాట మొదలైంది. మోచెయ్యి వణకలేదు. పాట కొండ మీదికి వెళ్లి, తిరిగి వచ్చి, మళ్లీ వెళ్లింది. ముందు వరసలో ఒక ముసలమ్మ కళ్లు మూసుకుని చేతులు జోడించింది. ఆ పాటకు నాకూ ఏడుపొచ్చేదే, ఉన్నికి కన్నీళ్లుంటే.

సరిగ్గా అప్పుడే నడుము దగ్గర మడత జారింది. ముందువైపు కిల్టు మీద అలంకారానికి కట్టే బరువైన తోలుసంచి వేలాడుతూ అదిమి పట్టింది గనుక అక్కడ కదల్లేదు. వెనకమాత్రం నా అంచు కింద జానెడు ఎర్ర ఫ్లానెల్, దాని అంచున తెల్ల లేసు, బ్యాండు మొత్తానికి దర్శనమిచ్చాయి. నాయుడికీ తెలిసింది. అయినా ఊదడం ఆపలేదు. పాట చివరిదాకా తెగకుండా నిలబెట్టాడు.

పాట అయ్యాక జరగాల్సింది ఏమిటంటే, ఊదినవాడు వెనక్కి తిరిగి నడిచి బ్యాండులో కలవాలి. తిరిగితే ఆఫీసర్లకు వీపు చూపించాలి, వీపుతోపాటు లేసు కూడా. నాయుడు కొయ్యబారిపోయాడు. మంచులో కూడా అతనికి చెమట పట్టడం నాకు తెలిసింది.

వెనక నుంచి బిష్ట్ గొంతు ఖంగున మోగింది. అది వెనుదిరగమన్న ఆజ్ఞ కాదు. బ్యాండునంతా ముందుకు నడవమన్న ఆజ్ఞ. ఎన్నడూ లేని పద్ధతి. డప్పులు మోగాయి, బ్యాండు కదిలి వచ్చింది, నాయుణ్ణి తన మధ్యలోకి కలుపుకుంది. అతని వెనక ఇప్పుడు ఇద్దరు భారీ డప్పులవాళ్లున్నారు. అలాగే స్తంభం పక్కనుంచి అందరి ముందూ నడిచి వెళ్లిపోయారు. కొత్త పద్ధతి ఎంతో గంభీరంగా ఉందని పెద్ద ఆఫీసరు మెచ్చుకున్నాడట. ఇప్పటికీ ఆ పటాలంలో అలాగే చేస్తారని విన్నాను. ఎందుకో ఎవరికీ తెలియదు.

బ్యాండు గదిలో బిష్ట్ తలుపు మూశాడు. "ఏమిటది?"

"మా ఇంటిది కుట్టింది సార్" అన్నాడు నాయుడు నేల చూస్తూ.

బిష్ట్ ఆ ఎర్ర గుడ్డను వేళ్లతో నలిపి చూశాడు. అతని మోకాళ్లు కూడా నీలంగా ఉండడం నేను చూశాను. చివరికి గొంతు తగ్గించి అన్నాడు: "చెల్లెమ్మను ఇంకొన్ని కుట్టమను. మోకాలి పైకే ఉండాలి. లేసు వద్దు."

మరుసటి చలికాలానికి బ్యాండంతా ఎర్ర లంగాలతో వెచ్చగా నిలబడింది. బిష్ట్‌ది మాత్రం లేసుతోనే వచ్చింది. చెల్లెమ్మ అన్నందుకు పైడితల్లి మురిసి వేసిందది. అతను విప్పలేదు.

కొత్త కిల్టులు వచ్చినప్పుడు పాతవాటిని తుడుపుగుడ్డలకు చింపేశారు. నన్ను బిష్ట్ పక్కకు తీసి, రిటైరవుతున్న నాయుడి చేతిలో పెట్టాడు. ఇప్పుడు నేను బొబ్బిలి పల్లెలో, ట్రంకుపెట్టెలో, కలరా ఉండల వాసన మధ్య ఉంటున్నాను. ఇక్కడ చలి లేదు. నాతో పనీ లేదనుకున్నాను.

మొన్న మధ్యాహ్నం పెట్టె మూత తెరుచుకుంది. పైడితల్లికి చలిజ్వరం. దుప్పట్లన్నీ కప్పినా పళ్లు టకటకలాడుతున్నాయి. నాయుడు నన్ను విదిలించి, ఆమెను లేపి కూర్చోబెట్టి, నడుముకు చుట్టి, పటాలంలో నేర్చుకున్నట్టే బిగించాడు. ముసలి దర్జీ అన్న మాట నాకు గుర్తొచ్చింది. నా ఉన్ని పోగులన్నీ కూడదీసుకుని ఆమెను పట్టుకున్నాను. ఏనాడో నాకు లోపలి వెచ్చదనం కుట్టిచ్చిన మనిషి ఆమె. ఆ రుణం తీర్చుకునే అవకాశం వస్తుందని నేను కలగనలేదు.

కాసేపటికి వణుకు తగ్గింది. పైడితల్లి కళ్లు తెరిచి, నడుము తడుముకుని చూసుకుంది.

"కుచ్చిళ్లు ఎనకెట్టినావేటి బావా" అంది నీరసంగా. "ముందుకి తిప్పు."

నాయుడు తిప్పాడు.